డమ్‌డమ్ నుంచి ఇషాపూర్ దాకా: మార్చిన తుపాకుల కథ

ఆయుధాల చరిత్ర అనగానే కొత్త ఆయుధాల పుట్టుకే మనకు స్ఫురిస్తుంది. విల్లు పోయి తుపాకి వచ్చింది, వత్తి తుపాకి పోయి చెకుముకి తుపాకి వచ్చింది, అది పోయి తూటాల పెట్టె గల రైఫిలు వచ్చింది అని వరుసగా చెప్పుకొంటాం. ఆయుధాగారాల దస్తావేజులను చూస్తే మరొక చరిత్ర కనిపిస్తుంది. ఉన్న తుపాకినే కోసి, తొలిచి, అతికి, ప్రభుత్వ ముద్ర వేసి, గురి మైదానంలో పేల్చి చూసి, మళ్ళీ పటాలానికి అందించిన సందర్భాలు ఆ చరిత్రలో అనేకం. ఇలాంటి మార్పులకు పొదుపు ఒక కారణం. భారతదేశంలో అంతకంటె బలమైన కారణం ఇంకొకటి ఉంది. తుపాకి ఎవరి చేతికి వెళుతున్నది, ఆ చేతిని పాలకులు ఎంతవరకు నమ్ముతున్నారు అన్న ప్రశ్నకు ప్రతి మార్పూ ఒక సమాధానంగా నిలిచింది. గత నూటడెబ్బై ఏళ్ళలో మన దేశంలో అధికారికంగా మార్పు పొందిన కొన్ని తుపాకులను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరీక్షకు ముందే ఓడిన తుపాకి

కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ నేడు విమానాశ్రయం వల్ల అందరికీ తెలిసిన పేరు. 19వ శతాబ్దిలో అది ఫిరంగిదళపు కంటోన్మెంటు. 1846లో అక్కడ తూటాల కర్మాగారం వెలసింది. 1857 ఆరంభంలో కంపెనీ ప్రభుత్వం కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకి శిక్షణకు డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్‌లలో మూడు శిక్షణ కేంద్రాలను తెరిచింది. వేర్వేరు పటాలాల నుంచి కొద్దిమంది చొప్పున సిపాయిలను అక్కడికి రప్పించి, గురిచూడడం నేర్పి తిరిగి పంపాలన్నది ఏర్పాటు.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించే తుపాకి. ఈ పద్ధతి తుపాకిని తెలంగాణ పల్లెల్లో ‘భర్మారు’ అంటారు. గొట్టపు రంధ్రం 0.577 అంగుళం. పాత మస్కెట్టుకూ దీనికీ అసలు తేడా గొట్టం లోపల ఉంది. పాతదాని లోపలి భాగం నున్నగా ఉండేది. గుండు గొట్టపు గోడలకు అటూ ఇటూ తగులుతూ వెళ్ళి, వంద గజాలు దాటాక ఎటు పోతుందో చెప్పలేని స్థితి. ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మెలితిరిగిన మూడు గాడులు ఉండేవి. పేలినప్పుడు అడుగు డొల్లగా ఉన్న సీసపు గుండు వ్యాకోచించి ఆ గాడులను పట్టుకొని, బొంగరంలా తిరుగుతూ బయటికి వచ్చేది. బొంగరం తిరిగినంతసేపు పడిపోనట్టే, తిరుగుతూ వెళ్ళే గుండు దారి తప్పదు. అందువల్ల వందల గజాల దూరంలోనూ గురి నిలిచింది.

గొట్టం ఇరుకు, గుండు బిగువు. అది సులభంగా దిగడానికి కాగితపు తూటాకు కొవ్వు పూసేవారు. ఆ కాగితాన్ని పళ్ళతో కొరికి మందు పోయడం నాటి కవాతు నియమం. 1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఒక ఖలాసీ, తనకు లోటాతో నీళ్ళివ్వనన్న బ్రాహ్మణ సిపాయితో, మీరు కొరకబోయే తూటాకు ఆవుకొవ్వు, పందికొవ్వు పూశారని అన్నాడని ఆనాటి అధికారుల నివేదిక చెబుతున్నది. కొవ్వు ఏ జంతువుదో గుత్తేదారును నిలదీసి కట్టుదిట్టం చేసుకొన్న దాఖలా ఆయుధ విభాగం వద్ద లేదు. అప్పటికి చాలా పటాలాలకు ఆ తుపాకి చేరనే లేదు. ఎన్‌ఫీల్డ్ గురి మైదానంలో కాక సిపాయి మనస్సులో పరీక్షకు నిలిచి ఓడిపోయింది.

ప్రభుత్వం దిద్దుబాటుకు ప్రయత్నించకపోలేదు. జనవరి నెలాఖరుకే కొవ్వు లేని తూటాలు ఇచ్చి, సిపాయిలు తమకు నచ్చిన నూనె, మైనం పూసుకోవచ్చునన్నది. అనుమానం అప్పుడు కొవ్వు మీదనుంచి కాగితం మీదకు మళ్ళింది. ఆ కాగితం మెరుపులోనే ఏదో ఉన్నదన్నారు. మార్చిలో కవాతు నియమాన్ని మార్చి, తూటాను పళ్ళతో కొరకకుండా చేతితో చింపవచ్చునని ఆదేశించారు. ఇది తుపాకిలో మార్పు కాదు, తుపాకిని వాడే పద్ధతిలో మార్పు. అదీ ఆలస్యంగా వచ్చింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకి ఎత్తాడు. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది సవారులు తూటాలు ముట్టడానికి నిరాకరించారు. మే 10న ఆ ఊరు భగ్గుమన్నది.

ఇక్కడ తెలుగువారికి ఆసక్తి కలిగించే విశేషం ఒకటి ఉంది. 1857నాటి ఢిల్లీ ఉర్దూ పత్రాలలో తిరుగుబాటు సిపాయిల పేరు ‘తిలంగే’. 18వ శతాబ్దిలో మద్రాసు వైపు నుంచి, తెలుగుసీమ నుంచి వెళ్ళిన పటాలాల వల్ల ఉత్తరాదిన సిపాయి అనే మాటకు ‘తిలంగా’ పర్యాయపదమై కూర్చున్నది. 1857లో ఢిల్లీ వీధుల్లో ఆ పేరు మోసినవారు అత్యధికంగా అవధ్, బిహారు ప్రాంతాల రైతుబిడ్డలు. మద్రాసు సైన్యం ఆ ఏడు చాలావరకు కదలలేదు. మనుషులు మారినా వారి చేతి తుపాకి, ఒంటి మీది దుస్తులు తెచ్చిపెట్టిన పేరు మాత్రం మారలేదు.

గాడులు చెరిపివేసిన గొట్టం

తిరుగుబాటు అణగిన తరువాత బ్రిటిష్ ప్రభుత్వం చేసిన మార్పు మన దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది. స్వదేశీ పటాలాల కోసం ఎన్‌ఫీల్డ్ గొట్టాన్ని సుమారు 0.65 అంగుళానికి తొలిచి, లోపలి గాడులను పూర్తిగా తీసివేశారు. దూరాన్ని బట్టి సర్దుకొనే వెనుక గురిపలకను తొలగించి, కదలని చిన్న దిమ్మెను బిగించారు. బయటినుంచి చూస్తే అది ఎన్‌ఫీల్డే. అదే ఆకారం, అవే ఇత్తడి తొడుగులు. లోపల మాత్రం తరం వెనుకటి మస్కెట్టు. దీనినే 1858 నమూనా అన్నారు. తొలచడం వల్ల గొట్టం పలుచబడి బలహీనమైనదని తేలడంతో, 1859 నమూనాలో మందమైన గొట్టాన్ని కొత్తగా చేసి అమర్చారు. లోపలి నునుపు మాత్రం అలాగే ఉంచారు.

ఈ మార్పు తీరు గమనార్హం. సాధారణంగా ఆయుధాన్ని మార్చడమంటే మెరుగుపరచడం. ఇక్కడ లక్ష్యం దానికి తలక్రిందులు. ఒకే మైదానంలో తెల్ల సైనికుడు, నల్ల సైనికుడు పక్కపక్కన నిలిచి పేలిస్తే, దూరపు పలక మీద గుండ్లు ఎవరివి తగలాలో, ఎవరివి తగలకూడదో కర్మాగారంలోనే నిర్ణయమై ఉన్నది. మూడువందల గజాల వద్ద సిపాయి గురి తప్పితే అది అతని కంటిదోషం కాదు, చేతిదోషం అంతకంటె కాదు. సైన్య సంస్కరణకై నియమించిన పీల్ సంఘం ఇదే సమయంలో బెంగాలులో ఇద్దరు దేశీయులకు ఒకడు, మద్రాసు, బొంబాయిలలో ముగ్గురికి ఒకడు చొప్పున ఐరోపీయ సైనికుడు ఉండాలన్నది. కొన్ని కొండ బాటరీలను మినహాయిస్తే ఫిరంగులు దేశీయుల చేతినుంచి పోయాయి. లెక్కలలో కనిపించే ఆ నిష్పత్తినే గొట్టం లోపలి నునుపు ఇనుములో చెప్పింది.

స్నైడరు మార్పు: కొరకనక్కరలేని తూటా

1866లో బ్రిటన్ మరొక మార్పును ఆమోదించింది. జేకబ్ స్నైడర్ అనే అమెరికన్ రూపొందించిన పద్ధతి ప్రకారం ఎన్‌ఫీల్డ్ గొట్టపు వెనుక కొసను కోసి, అక్కడ పక్కకు తెరుచుకొనే చిన్న తలుపు వంటి దిమ్మెను అమర్చారు. తూటాను ఇక మూతి నుంచి దట్టించనక్కరలేదు. వెనుకనుంచి పెట్టి తలుపు మూస్తే చాలు. నిమిషానికి మూడు సార్లు పేల్చే సైనికుడు పది సార్లు పేల్చగలిగాడు. కర్నల్ బాక్సర్ రూపొందించిన లోహపు అడుగు గల తూటా దీనికి తోడైంది. పరీక్షలలో మార్చిన తుపాకి అసలు ఎన్‌ఫీల్డ్ కంటె మెరుగైన గురి చూపించింది. పాత ఆయుధాలు వృథా పోలేదు, కొత్తవాటి ఖర్చు తప్పింది. ఆ పద్ధతి కనిపెట్టిన స్నైడర్ మాత్రం దాని ఫలితం అనుభవించకుండా, అదే ఏడాది అప్పులతో మరణించాడు.

మన చరిత్రకు సంబంధించినంతవరకు ఈ మార్పులో ఒక విషాద వ్యంగ్యం ఉంది. తొమ్మిదేళ్ళ క్రితం సామ్రాజ్యాన్ని కుదిపిన కొవ్వు సమస్యను ఒక కీలు, ఒక దిమ్మె తుడిచివేశాయి. ఈ తూటాను కొరకనక్కరలేదు, చింపనక్కరలేదు. అయినా సిపాయికి అది వెంటనే దక్కలేదు. బ్రిటిష్ సైనికుడికి 1871లో మార్టినీ-హెన్రీ ఆమోదమైన తరువాతనే స్నైడరు మెల్లగా స్వదేశీ పటాలాలకు చేరింది. 1878-80నాటి రెండవ ఆఫ్ఘన్ యుద్ధంలో బ్రిటిష్ సైనికుడు మార్టినీతో, అతని పక్కనే భారతీయుడు స్నైడరుతో పోరాడారు. 1888 తరువాత బ్రిటిష్ దళాలు తూటాల పెట్టె గల లీ-మెట్‌ఫర్డ్‌కు మళ్ళినప్పుడు మార్టినీ మనవారికి దిగివచ్చింది. పాలితుడి తుపాకి పాలకుడి తుపాకికి ఒక తరం వెనుక ఉండాలన్న అలిఖిత సూత్రం ఈ విధంగా శతాబ్దాంతం దాకా సాగింది.

సైన్యం వెలుపల పరిస్థితి ఇంకా కఠినం. లిట్టన్ కాలంలో 1878లో వచ్చిన ఆయుధ చట్టం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదన్నది. దాని కింద రూపొందిన నియమాలు ఐరోపీయులను మినహాయించాయి. కొడగు ప్రజలకు మాత్రం అంతకుముందే ఇచ్చిన మినహాయింపు కొనసాగింది. నేటి చట్టం కింద 2019లో దానిని 2029 వరకు పొడిగించారు. 1887లో మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన జరిగిన కాంగ్రెస్ మహాసభ ఆయుధ చట్టాన్ని సవరించాలని తీర్మానించింది. 1930 జనవరిలో గాంధీజీ వైస్రాయి ముందుంచిన పదకొండు కోరికలలో, ప్రజా నియంత్రణకు లోబడి ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. 1931 కరాచీ తీర్మానం నియమాలకు లోబడి ఆయుధం ధరించడం పౌరహక్కు అన్నది. అహింసను వ్రతంగా పట్టినవారే ఈ కోరికను ముందుకు తేవడం వింతగా తోచవచ్చు. వారికి అభ్యంతరం తుపాకి లేకపోవడం గురించి కాదు, నమ్మదగనివారన్న ముద్ర గురించి.

గుండు కొన తెరిచినప్పుడు

మార్పు తుపాకికే పరిమితం కాలేదు. లీ-మెట్‌ఫర్డ్‌తో 0.303 అంగుళం సన్నని గుండు వచ్చింది. సీసం మీద గట్టి లోహపు తొడుగు ఉండడం వల్ల అది శరీరాన్ని సూటిగా దూసుకుపోయేది. 1895 చిత్రాల్ దండయాత్ర తరువాత, ఈ గుండు తగిలినా శత్రువు ఆగడం లేదని సరిహద్దు అధికారులు ఫిర్యాదు చేశారు. డమ్‌డమ్ కర్మాగారం పర్యవేక్షకుడు కెప్టెన్ బెర్టీ-క్లే తొడుగు కొనను తెరిచి, లోపలి సీసం బయటికి కనిపించేలా గుండును మార్చాడు. తగలగానే కొన పువ్వులా విచ్చుకొని ఘోరమైన గాయం చేసేది. నలభై ఏళ్ళ తరువాత డమ్‌డమ్ పేరు మళ్ళీ ప్రపంచమంతా వినిపించింది.

1899 హేగ్ సమావేశంలో ఇలాంటి వ్యాకోచించే గుండ్లను నిషేధించే ప్రకటన వెలువడింది. బ్రిటిష్ ప్రతినిధి సర్ జాన్ ఆర్డా ఆ గుండును సమర్థించాడు. బ్రిటన్ చివరకు 1907లో ఆ ప్రకటనకు అంగీకరించింది. ప్రకటన సంతకం చేసిన రాజ్యాల నడుమ యుద్ధాలకే వర్తించింది. వలసలలోని కొండజాతులతో జరిగే యుద్ధాలు దాని పరిధిలోకి రాలేదు. ఇక్కడ కూడా గీత గీసింది మనిషికీ మనిషికీ మధ్యనే.

పోలీసు మస్కెట్టు

కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్‌లో 20వ శతాబ్ది తొలి దశాబ్దంలో రైఫిళ్ళ తయారీ మొదలైంది. పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు అక్కడే వేల సంఖ్యలో తయారై రెండు ప్రపంచ యుద్ధాలలో భారత సైనికుడి భుజాన నిలిచింది. అదే రైఫిలును పోలీసుల కోసం, కాపలాదారుల కోసం వేరుగా మార్చారు. గొట్టాన్ని నున్నగా 0.410 అంగుళానికి తొలిచి, తూటాల పెట్టె చోట చెక్క దిమ్మె బిగించి, ఒకసారికి ఒకే తూటా పట్టేలా చేశారు. 0.303 తూటా గొట్టాన్నే మెడ సన్నబరచకుండా తిన్నగా ఉంచి దీనికి ప్రత్యేక తూటా రూపొందించారు.

ఈ మార్పుకు రెండు కారణాలు. మొదటిది, గుంపుల మీద పేల్చవలసి వచ్చే పోలీసుకు మైలు దూరం పోయే గుండు అవసరం లేదు, ప్రమాదం కూడా. ఈ కారణంలో న్యాయం ఉంది. రెండవది, తుపాకి ఎవరి చేతికైనా చిక్కితే సైన్యపు తూటా దానిలో పనికిరాకూడదు, వరుసగా పేల్చే వీలు ఉండకూడదు. ఈ భయం ఎంత వాస్తవమో తెలుగువారికి వివరించనక్కరలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా ముట్టడించి 26 తుపాకులను, 2,500 దాకా తూటాలను స్వాధీనం చేసుకొన్నాడు. విల్లంబుల మన్యం రెండేళ్ళపాటు పోరాడగలగడానికి ఠాణాల తుపాకులు తోడ్పడ్డాయి. ప్రభుత్వపు తుపాకి ఎప్పుడైనా ప్రజల తుపాకి కావచ్చునన్న ఎరుక పాలకులకు ఎన్నడూ నిద్రపట్టనీయలేదు.

ఆలోచించవలసిన సంగతి ఏమంటే, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఆ మస్కెట్టు చాలాకాలం ఠాణాలలో కొనసాగింది. కొంత పొదుపు, కొంత అలవాటు, కొంత పాత అపనమ్మకపు శేషం. 2008 నవంబరు 26 రాత్రి ముంబై ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో రైల్వే పోలీసులు పాత 0.303 రైఫిళ్ళతో ఆటోమేటిక్ తుపాకులను ఎదుర్కొనవలసి వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఆ రైఫిలుకు వీడ్కోలు పలికినది 2020 గణతంత్ర దినోత్సవాన.

విద్యార్థి చేతి తుపాకి

మార్పుల చరిత్రలో ఒక ఆనందకరమైన అధ్యాయం కూడా ఉంది. శిక్షణ కోసం 0.303 రైఫిలుకు 0.22 అంగుళం సన్న గొట్టం అమర్చే ఆచారం బ్రిటిష్ సైన్యంలో ఉండేది. బరువు, బోల్టు తిప్పే తీరు, గురిచూసే పద్ధతి అన్నీ యుద్ధపు రైఫిలువే. పేలుడు మాత్రం చిన్నది, భుజానికి తగిలే తన్ను స్వల్పం, తూటా చవక. 1948లో ఏర్పడిన జాతీయ కేడెట్ దళంలో, రెండవ నమూనా నాలుగవ మార్కు అని పిలిచే ఈ రకం రైఫిలు ప్రవేశించింది. తరువాత ఇషాపూర్‌లోనే తయారైన 0.22 డీలక్స్ రైఫిలు దానికి తోడు వచ్చింది.

ఇరవైఐదు గజాల మైదానంలో చాప మీద బోర్లపడుకొని, ఎడమచేతిని రైఫిలు కింద నిలిపి, శ్వాస బిగపట్టి, ముందు గురికొనను వెనుక గురిపలక నడుమకు తెచ్చి మెల్లగా మీట నొక్కడం దేశంలో లక్షలాది యువతీయువకులకు ఎరుకైన అనుభవం. ఐదు గుండ్లు ఒక చోట దగ్గరగా పడితే, అవి పలక మధ్యలో లేకపోయినా, శిక్షకుడు మెచ్చుకొంటాడు. గుంపు దగ్గరగా ఉంటే కన్ను, చెయ్యి నిలకడగా ఉన్నట్టు; మధ్యకు తేవడం గురిపలకను సర్దితే వచ్చే పని. 1858లో సిపాయికి నిరాకరించినది సరిగ్గా ఈ సర్దుబాటునే. స్వతంత్ర భారతం గొట్టం సన్నబరచింది గానీ గాడులను తీసివేయలేదు. మార్పు పాఠం నేర్పడానికే గాని గురి చెడగొట్టడానికి కాదు.

అదే దశలో పౌరుల గురి అభ్యాసానికీ గౌరవం దక్కింది. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి తొలి అధ్యక్షుడు లోక్‌సభ మొదటి స్పీకరు జి.వి. మవలంకర్. చట్టసభను నడిపిన వ్యక్తి రైఫిల్ సంఘాన్ని నడపడం యాదృచ్ఛికంగా కనిపించవచ్చు. ఆయుధ చట్టం నీడలో పెరిగిన తరానికి మాత్రం అది కోల్పోయిన నమ్మకాన్ని తిరిగి పొందడం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్యం గెలిచిన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ ఆ పరంపరకు చెందినవాడే.

చట్టం చెప్పే మాట

1962లో చైనా సరిహద్దులో మన జవాను పాత 0.303తో నిలిచాడు. ఆ అనుభవం తరువాత ఇషాపూర్ అదే లీ-ఎన్‌ఫీల్డ్ నిర్మాణాన్ని 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా తీర్చి 2ఎ, 2ఎ1 రైఫిళ్ళను తయారు చేసింది. ఇవి పాత రైఫిళ్ళను మార్చినవని చాలామంది పొరబడతారు. అధిక పీడనానికి పాత ఉక్కు చాలదు గనుక మేలైన ఉక్కుతో, పన్నెండు తూటాల పెట్టెతో కొత్తగా చేసినవి ఇవి. మార్పు ఇక్కడ నమూనాలో జరిగింది. పౌరులకు అమ్మే 0.315 రైఫిలు కథ ఇంకొకటి. దాని నిర్మాణమూ లీ-ఎన్‌ఫీల్డ్‌దే, కాని సైన్యపు తూటా దానిలో పట్టదు. పాత జాగ్రత్త కొత్త చట్టంలోనూ కొంత మిగిలి ఉన్నదనడానికి అది సాక్ష్యం.

1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దాని ఐదవ సెక్షను ఆయుధాల తయారీ, అమ్మకంతో పాటు మార్పు, మరమ్మతు, పరీక్షలను కూడా లైసెన్సు కిందికి తెచ్చింది. తుపాకి గొట్టాన్ని కురచ చేయడానికీ, నకిలీ తుపాకిని నిజమైనదిగా మార్చడానికీ ఆరవ సెక్షను ప్రకారం వేరే అనుమతి కావాలి. 2016 నియమాలు, 2019 సవరణ ఈ కట్టుబాట్లను ఇంకా బిగించాయి. ఈ కట్టుబాటుకు కారణం స్పష్టం. కురచ చేసిన తుపాకి చొక్కా కింద దాగుతుంది. లెక్కకు రాని మార్పు చేసినవాడికే కాక పొరుగువాడికీ ప్రాణాంతకం. పాత చట్టానికీ దీనికీ ఉన్న భేదం ఏమంటే, 1878 చట్టం కింద నియమాలు మనిషి ఎవరని అడిగాయి. 1959 చట్టం మనిషి ఏమి చేయబోతున్నాడని అడుగుతుంది.

అయితే చట్టపు అక్షరం మారినంత మాత్రాన పరిపాలనా స్వభావం మారదు. లైసెన్సు దరఖాస్తు పరిశీలించే అధికారికి, పాత మస్కెట్టుతో కొండదారిలో కాపలా కాసే కానిస్టేబులుకు, మైదానంలో తొలిసారి రైఫిలు పట్టిన కేడెట్టుకు ఈ చరిత్ర వేర్వేరుగా తగులుతుంది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడిపోయినప్పుడు ఇషాపూర్ కర్మాగారం వాటిలో ఒకదాని కిందికి వెళ్ళింది. అక్కడ ఇకముందు జరిగే మార్పులు ఏ అవసరానికి అన్నది మన ప్రజాస్వామ్యమే నిర్ణయించవలసి ఉంటుంది. జనసమ్మర్దంలో నిరపరాధికి ప్రమాదం తగ్గించే మార్పును ఎవరూ కాదనరు. ఆయుధం పట్టినవాడిని నమ్మలేక అతని గురిని ముందుగానే చెరిపే మార్పుకు మాత్రం స్వతంత్ర దేశంలో చోటు ఉండకూడదు. 1858లో తొలిచిన ఆ నున్నని గొట్టాలు మనకు అప్పగించిన పాఠం ఇదే.